మంత్రి పోలీసులకు ఎంతవరకు చెప్పవచ్చు? కొత్త చట్టంలో గీత ఎక్కడ గీయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. లా ఆఖరి సంవత్సరంలో పోలీసు సంస్కరణలపై ప్రాజెక్టు రాస్తున్నారు. ఎన్నికైన ప్రభుత్వంలోని హోంమంత్రికి పోలీసులపై అధికారమే లేకుండా కొత్త చట్టం తేవడం సాధ్యమేనా, సాధ్యమైనా అది ప్రజాస్వామ్యానికి మంచిదేనా అన్నది మీ సందేహం. పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా స్టేషన్లలో పరిస్థితి ఎందుకు మారలేదని కూడా అడిగారు.

నేను ఎస్సైగా చేరి, 34 ఏళ్ల తర్వాత అదనపు ఎస్పీగా పదవీ విరమణ చేశాను. సర్వీసులో ఎక్కువ భాగం కోస్తా జిల్లాల్లోనే గడిచింది. న్యాయశాస్త్ర పండితుణ్ణి కాను కాబట్టి, చట్టం చెప్పేదాన్ని స్టేషన్‌లో జరిగేదాని పక్కన పెట్టి చెబుతాను.

సూటిగా చెప్పాలంటే: మంత్రి పోలీసు శాఖకు విధానం చెప్పవచ్చు, కేసు చెప్పకూడదు. ఈ మాట మన చట్టంలో ఇప్పటికే చాలావరకు ఉంది. లేనిదల్లా దాన్ని నిలబెట్టే ఏర్పాటు. కొత్త చట్టం ముందుగా చేయవలసినవి రెండే: ఫోన్‌లో నోటిమాటగా వచ్చే ఆదేశాన్ని కాగితం మీదకు రప్పించడం, బదిలీ అనే కొరడాను రాజకీయ నాయకుల చేతిలోంచి తీసేయడం. మంత్రిని పూర్తిగా పక్కకు నెట్టడం అవసరమూ లేదు, మంచిదీ కాదు.

మొదట దర్యాప్తు సంగతి చూద్దాం. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో పోలీసు దర్యాప్తుకు సంబంధించిన పదమూడో అధ్యాయం ఒకసారి తెరిచి చదవండి. 173వ సెక్షన్ కింద ఎఫ్ఐఆర్ కట్టవలసింది, 175వ సెక్షన్ కింద దర్యాప్తు చేయవలసింది, 193వ సెక్షన్ కింద తుది నివేదిక పంపవలసింది స్టేషన్ బాధ్యత గల అధికారి. ఆయనపై ర్యాంకులో ఉన్న పోలీసు అధికారులకు అవే అధికారాలు 30వ సెక్షన్ ద్వారా సంక్రమిస్తాయి. ఆ అధ్యాయమంతా వెతికినా మంత్రి అన్న మాట కనపడదు. ఛార్జిషీటు వేయాలా వద్దా అన్న అభిప్రాయం పోలీసు అధికారిదేననీ, ఫలానా విధంగా వేయమని మేజిస్ట్రేటు కూడా ఆదేశించలేడనీ సుప్రీంకోర్టు 1967లోనే అభినందన్ ఝా కేసులో తేల్చింది. మేజిస్ట్రేటుకే లేని అధికారం మంత్రికి ఎక్కడినుంచి వస్తుంది?

వచ్చేది మరో తలుపు నుంచి. 1861 పోలీసు చట్టం మూడో సెక్షన్ పోలీసులపై పర్యవేక్షణాధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించింది. మన ప్రాంతం గురించి రాసేటప్పుడు ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం, ఎందుకంటే విద్యార్థులు తరచూ పొరబడేది ఇక్కడే. ఆంధ్ర జిల్లాలకు వర్తించేది 1861 చట్టం కాదు, మద్రాసు ప్రెసిడెన్సీ కోసం వచ్చిన 1859 నాటి జిల్లా పోలీసు చట్టం. తెలంగాణ జిల్లాలకు నిజాం కాలపు ఫసలీ (నాటి సంవత్సర గణన) 1329 చట్టం, హైదరాబాదు నగరానికి ఫసలీ 1348 చట్టం ఉన్నాయి. పేర్లు వేరైనా అన్నిటి స్వభావం ఒకటే. పాలకుడికి విధేయంగా ఉండే బలగాన్ని తయారుచేయడానికి రాసిన చట్టాలవి. 1857 తిరుగుబాటు సెగ ఇంకా ఆరకముందే రాసిన చట్టంలో పోలీసు స్వాతంత్ర్యాన్ని వెతకడం వృథా.

1861 చట్టంలో 'పర్యవేక్షణ' అన్న మాటకు నిర్వచనం లేదు. నా ఉద్దేశంలో మీ ప్రాజెక్టుకు కేంద్ర బిందువు కావలసింది ఆ లోటే. నిర్వచనం లేని చోట పర్యవేక్షణ కాస్తా అజమాయిషీ అవుతుంది, అజమాయిషీ పెత్తనం అవుతుంది. అలాగని ఆ మాటను కొట్టిపారేయడానికీ వీల్లేదు. బిహార్ ప్రభుత్వం ఒక కేసులో తదుపరి దర్యాప్తు జరపమని తన విజిలెన్స్ ఉన్నతాధికారిని ఆదేశించినప్పుడు, పర్యవేక్షణాధికారంలో అది కూడా భాగమేనని సుప్రీంకోర్టు 1979లో సల్దానా కేసులో సమర్థించింది. అంటే ప్రభుత్వం "సరిగా దర్యాప్తు చేయండి" అనవచ్చు. దర్యాప్తులో ఏం తేలాలో మాత్రం చెప్పకూడదు.

ఈ తేడా పుస్తకంలో చదివితే వెంట్రుకవాసి అనిపిస్తుంది. ఉద్యోగంలో నాకు అది ఒకే కేసులో, ఒకే మంత్రి నోట, నాలుగు రోజుల తేడాలో అర్థమైంది. అప్పుడు నేను సబ్ డివిజన్ డీఎస్పీని. ఒక దళితవాడ మీదుగా వెళ్లే పెళ్లి ఊరేగింపు దగ్గర గొడవ జరిగి, వాడలోని ఇద్దరికి తలలు పగిలాయి. ఫిర్యాదు కాగితం తీసుకున్న ఎస్సై రెండు రోజులైనా కేసు కట్టకుండా, పెద్దమనుషులతో రాజీ చేయిద్దామని దాన్ని బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. వాడ పెద్దలు వెళ్లి జిల్లా మంత్రిని కలిశారు. ఆయన నాకు ఫోన్ చేసి, "ఏమండీ డీఎస్పీ గారూ, తలలు పగిలితే కేసు కట్టరా మీ స్టేషన్‌లో?" అని అడిగారు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకు నూరుపాళ్లూ ఉంది. ఆయన అడగకపోతే ఆ కాగితం ఆ అద్దం కిందే పాతబడేది. ఆ సాయంత్రమే ఎఫ్ఐఆర్ అయింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కనుక దర్యాప్తు నా మీద పడింది.

నాలుగో రోజు ఆయనే మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి గొంతులో చనువు ఎక్కువ. మాట ఏ4, అంటే నాలుగో నిందితుడి గురించి. "ఆ ఏ4 ఉన్నాడే, వాడు మన మనిషండీ. ఆ రోజు ఊళ్లోనే లేడట. కాస్త చూడండి" అన్నారు. ఆ 'చూడండి' అన్న మాటకు పోలీసు నిఘంటువులో అర్థం ఏమిటో సర్వీసులో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. నేను, "ఊళ్లో లేడనడానికి బస్సు టికెట్టో, సాక్షో ఉంటే పంపించమనండి సార్, వాంగ్మూలం రాసి కేసు డైరీ ఫైల్లో పెడతాను" అన్నాను. ఎవరూ రాలేదు. ఏ4 పేరు ఛార్జిషీటులో అలాగే ఉండిపోయింది. ఆ మంత్రి తర్వాత నన్నేమీ అనలేదు. అది ఆయన గుణం. చట్టం నాకిచ్చిన రక్షణ అని మీరు రాసుకోకండి.

రక్షణ లేకపోతే ఏమవుతుందో అంతకు చాలా ఏళ్ల ముందే, ఎస్సైగా ఉన్నప్పుడు చూశాను. రోడ్డు మీద ఒక కారు సైకిల్‌ను గుద్దింది, సైకిల్ మీది కూలీ అక్కడికక్కడే చనిపోయాడు. కారు నడిపినది ఒక పెద్దింటి అబ్బాయి. ఆ రాత్రి మొదట ఒక గన్‌మన్, తర్వాత ఒక మంత్రి వ్యక్తిగత సహాయకుడు, చివరికి మా సీఐ ఫోన్ చేశారు. ముగ్గురూ చెప్పింది ఒకటే, డ్రైవర్ పేరు మార్చమని. మంత్రి గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదు. పైనుంచి వచ్చే మాట ఎప్పుడూ ఇలా మెట్లు దిగుతూ వస్తుంది, చివరి మెట్టు మీద ఉన్నవాడికి తప్ప ఎవరికీ దాని బరువు తెలియదు. నేను స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో "రాత్రి 10.40 గంటలకు ఫలానా నంబరు నుంచి ఫలానా విధంగా చెప్పినారు" అని రెండు వరుసలు రాశాను. తెల్లారి సీఐ గారు డైరీ తిరగేసి, "ఏమయ్యా, ఇది రాయడం దేనికి?" అన్నారు. పేజీలకు నంబర్లు ఉంటాయి కనుక చించడం కుదరదు. పదకొండో రోజున నన్ను వీఆర్‌కు, అంటే పోస్టింగు లేకుండా వేకెన్సీ రిజర్వుకు, పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అందులో ఉన్న కారణం రెండు మాటలు: పరిపాలనా కారణాలు.

కేసు డైరీలో డ్రైవర్ పేరు నా తర్వాత మారింది. అయితే నష్టపరిహారం కోసం చనిపోయినవాడి భార్య ట్రిబ్యునల్‌కు వెళ్లినప్పుడు, అసలు నడిపినవాడికి లైసెన్సు లేదని నిరూపించుకోవడానికి బీమా కంపెనీ న్యాయవాది ఆ జనరల్ డైరీని పిలిపించాడు. నన్ను సాక్షిగా బోనెక్కించారు. నేను వెళ్లిపోయాక కూడా ఆ రెండు వరుసలు స్టేషన్‌లోనే ఉండి తమ పని చేశాయి. నోటిమాటను కాగితం మీద పెట్టాలన్న నా పట్టుదల మొదలైంది అక్కడ.

ఇక ప్రకాశ్ సింగ్ తీర్పు. ఉత్తరప్రదేశ్, అస్సాం డీజీపీగా, సరిహద్దు భద్రతా దళం అధిపతిగా పనిచేసిన ప్రకాశ్ సింగ్ 1996లో పిటిషన్ వేస్తే, సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలిచ్చింది. అవి కోర్టుకు కొత్తగా తట్టినవి కావు. అత్యవసర పరిస్థితి అనుభవం తర్వాత 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్, ధర్మవీర అధ్యక్షతన ఇచ్చిన ఎనిమిది నివేదికల్లో వాటికి వేళ్లున్నాయి. దర్యాప్తులో ప్రభుత్వమే కాదు, మరెవరూ జోక్యం చేసుకోరాదనీ, పర్యవేక్షణ అన్న మాటను చట్టంలో కుదించాలనీ ఆ కమిషన్ 1979లోనే చెప్పింది. ఏడు ఆదేశాలూ మీకు పాఠ్యపుస్తకంలో దొరుకుతాయి. మీ ప్రశ్నకు సంబంధించినవి మూడు.

మొదటిది రాష్ట్ర భద్రతా కమిషన్. విధానాలు ఈ కమిషన్ రూపొందించాలి, దాని సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడాలి. ముఖ్యమంత్రి లేదా హోంమంత్రి అధ్యక్షుడుగా, ప్రతిపక్ష నాయకుడు, స్వతంత్రులు సభ్యులుగా ఉండాలన్నది ఊహ. చాలా రాష్ట్రాలు చట్టాలు చేశాయి, కానీ స్వతంత్రుల సంఖ్య తగ్గించో, సిఫార్సులకు కట్టుబడే పని లేదనో రాసుకున్నాయి. గిన్నె ఉంది, అడుగున చిల్లు ఉంది. రెండోది పదవీకాలం: డీజీపీకి, జిల్లా ఎస్పీకి, స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్లు. మూడోది పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు. డీఎస్పీ, ఆ కింది స్థాయి వారి బదిలీలు, పోస్టింగులు డీజీపీ, మరో నలుగురు సీనియర్ అధికారులు కలిసి నిర్ణయించాలి. ప్రభుత్వం అసాధారణ సందర్భాల్లోనే, కారణం రాసిపెట్టి దాన్ని మార్చాలి.

పత్రికలు డీజీపీ ఎంపిక గురించి రాసినంతగా ఈ మూడోదాని గురించి రాయవు. నా దృష్టిలో మాత్రం ఏడింటిలోనూ ముఖ్యమైనది ఇదే. డీజీపీని యూపీఎస్సీ జాబితా నుంచి ఎంత పద్ధతిగా ఎంచుకున్నా, ఎఫ్ఐఆర్ కట్టేది డీజీపీ కాదు. ఎమ్మెల్యే సిఫార్సు లేఖ లేకుండా స్టేషన్ దొరకదని ఎస్సై నమ్మినంతకాలం, ఆ లేఖ రాసిన చేతికే అతడు విధేయుడు. ఆ ఎస్సైకి మంత్రి ప్రత్యేకంగా ఏ ఆదేశమూ ఇవ్వనక్కరలేదు, అతడే ఊహించుకుని చేసిపెడతాడు. బదిలీ భయం ఉన్నచోట ఆదేశాల అవసరం ఉండదు.

దీనికి ఎదురుగా కేరళ ఉదాహరణ చూపిస్తారు. 2016లో ప్రభుత్వం మారాక డీజీపీ టి.పి. సెన్‌కుమార్‌ను పదవి నుంచి తప్పించారు. కేరళ పోలీసు చట్టంలో, పోలీసుల సమర్థతపై ప్రజల్లో తీవ్ర అసంతృప్తికి కారకుడైతే రెండేళ్లకు ముందే తప్పించవచ్చునన్న నిబంధన ఉంది. దాన్నే ప్రభుత్వం వాడుకుంది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2017 ఏప్రిల్ 24న గెలిచారు, తిరిగి కుర్చీలో కూర్చున్నారు, ఆ జూన్ చివర పదవీ విరమణ చేశారు. గెలుపు విలువ రెండు నెలలకన్నా తక్కువ. పైగా డీజీపీ కనుక ఢిల్లీ దాకా వెళ్లగలిగారు. వీఆర్‌లో కూర్చున్న ఎస్సై ఏ కోర్టుకు వెళ్తాడు, ఫీజు ఎవరిస్తారు? ముసాయిదా రాసే మీవంటివారు ఇందులో గమనించవలసింది మరొకటి ఉంది. 'ప్రజల అసంతృప్తి' లాంటి ఎటైనా సాగే మాట ఒక్కటి చట్టంలో పడితే, మిగిలిన రక్షణలన్నీ దానిగుండా కారిపోతాయి.

ఇతర దేశాల సంగతి. ఇంగ్లండులో 1968లో బ్లాక్‌బర్న్ కేసులో లార్డ్ డెన్నింగ్, పోలీసు కమిషనర్ చట్టానికి తప్ప ఎవరికీ సేవకుడు కాడన్నారు. మన వ్యాసాల్లో ఈ మాట మంత్రంలా వినపడుతుంది. నాకు అంతకన్నా ఉత్తర ఐర్లండుపై 1999లో వచ్చిన ప్యాటెన్ కమిషన్ నివేదిక నచ్చింది. పోలీసులకు కార్యాచరణ 'స్వాతంత్ర్యం' అనడం సరికాదు, కార్యాచరణ 'బాధ్యత' అనాలని అది వాదించింది. నిర్ణయం పోలీసు అధిపతిదే, కానీ ఆ నిర్ణయానికి తర్వాత సమాధానం చెప్పక తప్పదు. స్వాతంత్ర్యం అన్న మాట పట్టుకుని, "మమ్మల్ని ఎవరూ అడగకూడదు" అనే అధికారులను నేను సర్వీసులో తగినంతమందిని చూశాను.

మనం నేరుగా తెచ్చుకోదగినది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఉంది. అక్కడ ఫిట్జెరాల్డ్ విచారణ 1987 నుంచి 1989 దాకా సాగి, పోలీసుల అవినీతికీ రాజకీయాలకూ ఉన్న బంధాన్ని బయటపెట్టింది. పోలీసు కమిషనర్‌గా ఉన్న వ్యక్తే తర్వాత జైలుకు వెళ్లాడు. దాని తర్వాత వచ్చిన 1990 చట్టం మంత్రి అధికారాన్ని రద్దు చేయలేదు. మంత్రి ఆదేశం ఇవ్వవచ్చు, అయితే రాతపూర్వకంగా ఇవ్వాలి. కమిషనర్ ఆ ఆదేశాలన్నిటికీ ఒక రిజిస్టరు నిర్వహించాలి, దాని నకలు ఏటా బయటి సంస్థ చేతుల మీదుగా శాసనసభ ముందుకు రావాలి. ఇది చదివినప్పుడు నాకు నా జనరల్ డైరీలోని రెండు వరుసలు గుర్తొచ్చాయి. సభ ముందు పెట్టవలసి వస్తుందని తెలిస్తే, ఏ4 పేరు తీసేయమని ఏ మంత్రీ కాగితం మీద రాయడు.

మన దగ్గర దీనికి పునాది లేకపోలేదు. 2013లో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు, అధికారులు నోటి ఆదేశాల మీద పనిచేయరాదనీ, అలా వచ్చినవాటిని రాతలో నమోదు చేయాలనీ చెప్పింది. రాసినవాడికి రక్షణ ఎవరిస్తారన్నది చెప్పలేదు కనుక ఎవరూ రాయరు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. మంత్రి చేయి తీసేసి, ఆ స్థానంలో ఎవరి చేయీ పెట్టకపోతే పోలీసు తనకు తానే మంత్రి అవుతాడు. లాకప్‌లో దెబ్బలు తిన్న కూలీకి స్వతంత్రుడైన ఎస్సై వల్ల ఒరిగేదేమీ లేదు. పైన చెప్పిన పెళ్లి గొడవలో కేసు కట్టనిది పోలీసే, కట్టించినది మంత్రే అని మరచిపోకండి. అందుకే ప్రకాశ్ సింగ్ తీర్పులోని, పోలీసులపై వచ్చే ఫిర్యాదులను విచారించే పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థను బదిలీల బోర్డుతో జతగా చూడాలి. ఒకటి లేకుండా రెండోది అడగడం, పోలీసు సంఘాల కోరిక అవుతుంది తప్ప సంస్కరణ కాదు. నేను ఈ మాట అన్నందుకు నా బ్యాచ్‌వారు కొందరు నొచ్చుకున్నారు, అయినా నా అభిప్రాయం మారలేదు.

ఇంకో చిన్న విషయం. దర్యాప్తును ఎంత కాపాడినా, కేసు ఉపసంహరణ దారి తెరిచి ఉంటే ప్రయోజనం లేదు. కొత్త సంహిత 360వ సెక్షన్‌లో, ఉపసంహరణకు ముందు బాధితుడి మాట వినాలని చేర్చారు, అది మంచి మార్పు. ఎంపీలు, ఎమ్మెల్యేలపై ఉన్న కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలైన మూడు కొత్త చట్టాలు సెక్షన్ల నంబర్లన్నీ మార్చాయి గానీ, పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం కనుక పోలీసు చట్టాలను తాకలేదు. మా ఎస్సైలు కొత్త నంబర్లు బట్టీ పట్టారు, పోస్టింగు మాత్రం పాత పద్ధతిలోనే వస్తోంది.

మీ ముసాయిదాలో ఏం పెట్టాలని అడిగితే, నేను ఈ వరుసలో రాస్తాను. పర్యవేక్షణ అంటే విధానం, ప్రమాణాలు, బడ్జెట్, వాటి అమలుపై సమీక్ష మాత్రమేనని నిర్వచనం ఇవ్వండి. ఒక వ్యక్తి అరెస్టు, ఎఫ్ఐఆర్, సెక్షన్ల మార్పు, ఛార్జిషీటు విషయంలో ఆదేశం ఇవ్వడాన్ని స్పష్టంగా నిషేధించండి, కానీ "కేసు ఎందుకు నమోదు కాలేదు" అని అడిగే హక్కును మంత్రికి, ఎమ్మెల్యేకు, ఏ పౌరుడికైనా మిగల్చండి. ఆదేశాల రిజిస్టరు పెట్టండి. నోటిమాటను డైరీలో నమోదు చేసిన అధికారిని ఆరు నెలలలోపు బదిలీ చేస్తే, అది కక్ష సాధింపు కాదని నిరూపించే భారం బదిలీ చేసినవారి మీదే ఉండాలి. బదిలీ ఉత్తర్వులో 'పరిపాలనా కారణాలు' అన్న రెండు మాటలు చెల్లవని రాస్తే, నా వరకు సగం సంస్కరణ అయిపోయినట్టే.

చివరగా, ప్రాజెక్టుకు గణాంకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. కమిటీ నివేదికలకన్నా ముందు మీ ఊరి పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. స్టేషన్ అధికారి గదిలో, కుర్చీ వెనుక గోడకు, ఇంతకుముందు పనిచేసినవారి పేర్లు, 'నుంచి', 'వరకు' అన్న తేదీలతో ఒక చెక్క బల్ల వేలాడుతుంది. దాన్ని చూడడానికి సమాచార హక్కు దరఖాస్తు కూడా అక్కర్లేదు, మర్యాదగా అడిగితే రాసుకోనిస్తారు. పది స్టేషన్ల బల్లలు రాసుకుని, రెండేళ్లు నిండినవారు ఎందరో లెక్కపెట్టండి, ఎన్నికల సంవత్సరాలను విడిగా గుర్తు పెట్టండి. నేను సీఐగా చేరిన ఒక చోట ఆ బల్ల మీద పదకొండేళ్లకు పందొమ్మిది పేర్లున్నాయి. నా పేరు రాయడానికి వచ్చిన పెయింటర్ కింద చోటు లేక, దాన్ని అంచు మీద ఇరికించి, 'వరకు' గడిలో తేదీకి కాస్త జాగా మిగిల్చి వెళ్లాడు.